ఎద్దులబండి మీద వచ్చిన పెట్రోలు

ఫైనలియర్‌కి వచ్చాక ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే, తర్వాత ఏంటి అని. ఏవియేషన్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చేద్దామనుకుంటున్నానని చెప్పిన రోజు మా పెదనాన్న చేతిలో పేపరు పక్కన పెట్టి, పైలట్ అవుతావామ్మా అని అడిగారు. కాదు పెదనాన్నా అన్నాను. అయితే ఎయిర్‌హోస్టెస్సా అన్నారు. అదీ కాదన్నాను. మరి విమానంలో ఇంకేం పనుంటుంది అన్నారు. అందులో వెటకారం లేదు, ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. పక్కనే ఉన్న నాన్న ఇంకో మాట కలిపారు. కింగ్‌ఫిషర్ పోయింది, జెట్ పోయింది, గో ఫస్ట్ పోయింది, మెకానికల్ చదివి ఆ గాలిలో దీపం లాంటి ఉద్యోగం ఎందుకు అని.

ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. బ్రోచర్‌లో ఉన్న సబ్జెక్టుల పేర్లు చదివి వినిపించాను. ఎయిర్‌లైన్ ఎకనామిక్స్, ఎయిర్‌పోర్ట్ ఆపరేషన్స్, రెవెన్యూ మేనేజ్‌మెంట్, ఏవియేషన్ లా, సేఫ్టీ మేనేజ్‌మెంట్. చదువుతుంటే నాకే అవి పేర్లుగా వినిపించాయి తప్ప పనులుగా కనిపించలేదు. ఈ పనులన్నీ ఒక మనిషి చేస్తుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించి జె.ఆర్.డి. టాటా జీవితం చదవడం మొదలుపెట్టాను. ఆయన్ని మనం పారిశ్రామికవేత్తగా, భారతరత్నగా జీకే బిట్లలో చదువుకుంటాం. నేను మాత్రం ఒక విమాన సంస్థ మేనేజరుగా చదివాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చిందే.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా 1904 జూలై 29న పారిస్‌లో పుట్టారు. నాన్న రతన్‌జీ దాదాభాయ్ టాటా పార్సీ, జంషెడ్‌జీ టాటాకి బంధువు. అమ్మ సుజాన్ ఫ్రెంచి ఆవిడ, పెళ్ళయ్యాక సూనీ అయ్యారు. అయిదుగురు పిల్లల్లో ఈయన రెండోవారు. సెలవుల్లో ఫ్రాన్స్ ఉత్తర తీరంలో ఆర్డెలో అనే ఊరికి వెళ్ళేవాళ్ళు. అక్కడ సముద్రం ఒడ్డున వాళ్ళకి దగ్గర్లోనే లూయీ బ్లేరియో ఇల్లు ఉండేది. 1909లో ఇంగ్లిష్ ఛానల్‌ని విమానంలో మొట్టమొదట దాటిన మనిషి ఆయనే. బ్లేరియో విమానాలు ఆ ఇసుక మీదే దిగేవి. మనం చిన్నప్పుడు విమానం చప్పుడు వినగానే బయటికి పరిగెత్తి ఆకాశంలో వెతికేవాళ్ళం కదా, ఈ పిల్లాడికి విమానం ఇంటి ముందే దిగేది. పదిహేనేళ్ళప్పుడు అక్కడే మొదటిసారి విమానం ఎక్కారు. పైలట్ అవ్వాలని అప్పుడే నిర్ణయించుకున్నారు.

తర్వాత కథ మన కాలేజీలో ఎవరికైనా గుచ్చుకుంటుంది. ఆయన కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదవాలనుకున్నారు. 1923లో అమ్మ క్షయతో చనిపోయారు. ఫ్రెంచి పౌరుడు కాబట్టి ఒక ఏడాది అక్కడి సైన్యంలో పనిచేయాల్సి వచ్చింది. అది ముగిసి కేంబ్రిడ్జికి వెళ్దామనుకునేలోపు నాన్న బొంబాయికి రమ్మన్నారు. 1925 చివర్లో టాటా సంస్థలో జీతం లేని అప్రెంటిస్‌గా చేరారు. మరుసటి ఏడాదే నాన్న కూడా పోయారు. ఇరవై రెండేళ్ళకి ఇంటి పెద్ద అయ్యారు, కేంబ్రిడ్జి ఆగిపోయింది. ఆయన గురించి చెప్పేవాళ్ళు తరచూ ఇక్కడ ఒక నీతి తీస్తారు, డిగ్రీ లేకపోయినా ఎంత ఎత్తుకి ఎదిగారో చూడండి అని. మన వాట్సాప్ గ్రూపుల్లో సప్లీలు వచ్చినప్పుడు కూడా ఇదే ఫార్వర్డ్ తిరుగుతుంది. కానీ డిగ్రీ లేకపోవడాన్ని ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. ఇంజనీరింగ్ చదవలేకపోయానన్న బాధ చివరిదాకా ఉంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆఫీసయ్యాక ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదివేవారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1929లో బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్ మొదలైంది. వెంటనే చేరి, ఆ ఏడాది ఫిబ్రవరి 10న పైలట్ లైసెన్సు అందుకున్నారు. మన దేశంలో ఇచ్చిన లైసెన్సుల్లో దాని నంబరు 1. మరుసటి ఏడాది ఆగాఖాన్ ఒక పోటీ పెట్టారు. ఇంగ్లాండుకీ ఇండియాకీ మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌండ్లు. జె.ఆర్.డి. కరాచీ నుంచి లండన్ వైపు బయల్దేరారు. అస్పీ ఇంజనీర్ అనే కుర్రాడు అటు నుంచి ఇటు వస్తున్నాడు. దారిలో ఈజిప్టులోని అబూకిర్ దగ్గర ఇద్దరూ కలిశారు. అస్పీ విమానానికి స్పార్క్ ప్లగ్గులు లేక అక్కడే ఇరుక్కుపోయి ఉన్నాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్న ప్లగ్గులు ఇచ్చారు. అస్పీ కరాచీ చేరి కొద్ది గంటల తేడాతో పోటీ గెలిచాడు. ఆ అస్పీయే తర్వాత మన వైమానిక దళాధిపతి అయ్యారు.

ఈ కథని అందరూ మంచితనం కథగా చెబుతారు. మంచితనమే, కాదనను. కానీ నాకు ఇందులో ఇంకొకటి కూడా కనిపించింది. అస్పీకి విమానం ఉంది, నడిపే చెయ్యీ ఉంది. అయినా నాలుగు చిన్న ప్లగ్గులు సరైన చోట సరైన సమయానికి లేకపోతే ఆ రెండూ ఎడారిలో దండగే. ఇప్పుడు విమాన సంస్థల్లో దీన్ని స్పేర్స్ ప్లానింగ్ అంటారు, ఒక డిపార్ట్‌మెంటే ఉంటుంది.

ఆయన కలలో ఉన్నది నడపడం. ఆ కలని వ్యాపారంగా మార్చే ప్లాను పట్టుకొచ్చింది వేరొకరు. నెవిల్ విన్సెంట్ బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన పైలట్, భారతదేశమంతా విమానంలో తిరిగినవాడు. అప్పట్లో లండన్ నుంచి వచ్చే విమాన తపాలా కరాచీతో ఆగిపోయేది. అక్కడి నుంచి బొంబాయి, మద్రాసులకి రైలే గతి. ఆ ఉత్తరాల్ని కరాచీ నుంచి మద్రాసుదాకా మనం విమానంలో ఎందుకు తీసుకెళ్ళకూడదని విన్సెంట్ ఆలోచన. పెట్టుబడి సుమారు 2 లక్షల రూపాయలు. అప్పటి ఛైర్మన్ సర్ దొరాబ్జీ టాటాకి అంత ఆసక్తి లేదు. జె.ఆర్.డి.కి పని నేర్పిన జాన్ పీటర్సన్ నచ్చజెప్పాక ఒప్పుకున్నారు.

అసలు పరీక్ష తర్వాత మొదలైంది. ప్రతిపాదన ప్రభుత్వానికి పంపితే సబ్సిడీ ఇవ్వమన్నారు. లెక్కలు మార్చి మళ్ళీ పంపారు. ఇలా ఉత్తరాలు, సవరణలు, ఎదురుచూపులతో దాదాపు మూడేళ్ళు గడిచాయి. చివరికి సబ్సిడీ ఏమీ వద్దు, మోసిన ఉత్తరాల బరువుని బట్టి డబ్బిస్తే చాలని ఒప్పుకున్నాకే 1932 ఏప్రిల్‌లో పదేళ్ళ కాంట్రాక్టు వచ్చింది. లైసెన్సొచ్చిన పైలట్‌కి మూడేళ్ళు ఫైళ్ళతో గడపడం ఎంత విసుగో ఊహించొచ్చు. కానీ ఆ మూడేళ్ళూ లేకపోతే విమాన సంస్థే లేదు. ఏవియేషన్ లా, రెగ్యులేషన్ అనే సబ్జెక్టు ఎందుకు పెట్టారో నాకు ఇక్కడ అర్థమైంది.

1932 అక్టోబర్ 15, పొద్దున్నే. కరాచీలోని డ్రిగ్ రోడ్ నుంచి ఒక ఇంజను పుస్ మాత్ విమానంలో తపాలా సంచులు వేసుకుని జె.ఆర్.డి. బయల్దేరారు. రేడియో లేదు, దారి చూపే పరికరాలు లేవు. మధ్యలో అహ్మదాబాద్‌లో దిగితే పెట్రోలు డబ్బాలు వచ్చింది ఎద్దులబండి మీద. బర్మా షెల్ వాళ్ళు పంపారు. నింపుకుని మళ్ళీ ఎగిరి మధ్యాహ్నానికి బొంబాయిలో జుహూ బురద నేల మీద దిగారు. అక్కడి నుంచి సంచులు విన్సెంట్ అందుకుని రెండో విమానంలో మన రాయలసీమ పక్కనే ఉన్న బళ్ళారికి వెళ్ళి, రాత్రికి అక్కడే ఆగి, మర్నాడు మద్రాసు చేర్చాడు.

ఆ రోజు ఫొటోల్లో అందరూ చూసేది విమానాన్ని, తెల్లబట్టల్లో ఉన్న పైలట్‌ని. నా కళ్ళు మాత్రం ఆ ఎద్దులబండి దగ్గరే ఆగిపోయాయి, ఫొటోలో లేకపోయినా. ఆ బండివాడు ముందు రోజే బయల్దేరాలి కదా. ఎవరో ఎన్ని డబ్బాలు కావాలో లెక్కగట్టి, ఎన్నింటికి వస్తుందో చెప్పి, ఎండలో నిలబెట్టి ఉంచారు కదా. ఆ బండి ఒక గంట ఆలస్యమైతే బొంబాయిలో విన్సెంట్ ఆలస్యం, బళ్ళారిలో చీకటి, మద్రాసులో ఉత్తరం కోసం చూసేవాళ్ళకి ఒక రోజు ఆలస్యం. మా పెదనాన్న అడిగిన ప్రశ్నకి జవాబు ఆ బండే అనిపించింది.

జుహూ మైదానం వానాకాలంలో సముద్రపు నీళ్ళలో మునిగిపోయేది. అందుకని ఏటా వానలు మొదలవగానే మకాం పూనాకి మార్చేవాళ్ళు. ఆ పరిస్థితుల్లో కూడా మొదటి ఏడాది సుమారు 1,60,000 మైళ్ళు తిరిగి, 155 మంది ప్రయాణికుల్ని కూడా మోసి, 60,000 రూపాయల లాభం చూపించారు. తపాలా సమయానికి చేరడంలో ఒక్కరోజు కూడా తప్పలేదని ప్రభుత్వ శాఖే మెచ్చుకుంది. ఇప్పటి భాషలో ఆన్‌టైమ్ పెర్ఫార్మెన్స్ నూటికి నూరు.

1938లో ముప్ఫై నాలుగేళ్ళకే టాటా గ్రూపు మొత్తానికి ఛైర్మన్ అయ్యారు. ఉక్కు, కరెంటు, హోటళ్ళు, రసాయనాలు, అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. 1942లో విన్సెంట్ ఇంగ్లాండు నుంచి తిరిగొస్తుండగా యుద్ధంలో విమానం కూలి చనిపోయాడు. ఆలోచన ఇచ్చిన స్నేహితుడు లేకుండానే ముందుకెళ్ళాల్సి వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వంతో కలిసి టాటాలు డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి దాని డకోటాలు ఎగిరేవి. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ పబ్లిక్ కంపెనీగా మారి ఎయిర్ ఇండియా అయ్యింది. స్వాతంత్య్రం వచ్చిన కొద్ది నెలల్లోనే, విదేశాలకి వెళ్ళే విమాన సంస్థ కోసం కొత్త ప్రభుత్వం ముందు ప్రతిపాదన పెట్టారు. ప్రభుత్వానికి 49 శాతం వాటా. ఈసారి మూడేళ్ళు పట్టలేదు, వారాల్లోనే ఒప్పుకున్నారు. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టెలేషన్ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కి బయల్దేరింది. జె.ఆర్.డి. అందులోనే ఉన్నారు, ఈసారి ప్రయాణికుల సీట్లో.

రెండేళ్ళ తర్వాత, 1950 నవంబర్‌లో, అదే మలబార్ ప్రిన్సెస్ ఆల్ప్స్‌లో మోబ్లా పర్వతానికి ఢీకొని 48 మంది చనిపోయారు. విజయగాథలు రాసేవాళ్ళు సాధారణంగా ఈ వాక్యం దాటేసి వెళ్తారు. కానీ విమాన సంస్థ నడపడమంటే ఏంటో ఈ వాక్యం లేకుండా అర్థం కాదు. మనం వర్క్‌షాపులో పీస్ పాడైతే స్క్రాప్‌లో వేసి ఇంకోటి తీసుకుంటాం. ఇక్కడ ఆ అవకాశం లేదు.

ఇప్పుడు నాన్న భయం దగ్గరికి వస్తాను, కంపెనీలు మూతపడతాయన్న భయం. అది కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికన్ సైన్యం వదిలేసిన డకోటాలు చవగ్గా దొరికాయి. ఎవరు పడితే వాళ్ళు కంపెనీ పెట్టారు, ప్రభుత్వం అవసరానికి మించి లైసెన్సులు ఇచ్చింది. ఎక్కేవాళ్ళు అంతే, సీట్లు మాత్రం పెరిగిపోయాయి. జె.ఆర్.డి. ముందునుంచే వద్దని చెబుతూ వచ్చారు. ఎందుకంటే విమానంలో సీటు కూరగాయల కన్నా త్వరగా పాడయ్యే సరుకు. వంకాయలు సాయంత్రానికి సగం ధరకైనా అమ్ముడుపోతాయి. తలుపు మూసి విమానం కదిలాక ఖాళీ సీటుకి విలువ సున్నా. పెట్రోలు, జీతాలు, మరమ్మతుల ఖర్చు మాత్రం నిండిన విమానానికీ ఖాళీ విమానానికీ దాదాపు ఒకటే. కొన్నేళ్ళలో చాలా కంపెనీలు నష్టాల్లో కూరుకుపోయాయి. పరిష్కారంగా ప్రభుత్వం 1953లో అన్నింటినీ జాతీయం చేసింది. దేశంలో తిరిగేవి కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్, విదేశాలకి వెళ్ళేది ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్. మన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో కలిసిపోయింది.

జె.ఆర్.డి.కి ఇది పెద్ద దెబ్బ. తనని సరిగ్గా సంప్రదించకుండా నిర్ణయం చేశారని బాధపడ్డారు. ప్రభుత్వం ఆయన్నే ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కి ఛైర్మన్‌గా ఉండమంది. ఇక్కడ నేను పుస్తకం మూసి ఆలోచించాను. నేనైతే ఏం చేసేదాన్ని? నేను పెంచిన కంపెనీ నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ నన్నే వచ్చి పనిచేయమంటే? ఆయన ఒప్పుకున్నారు, అదీ జీతం లేకుండా. ఇరవై అయిదేళ్ళు చేశారు. అక్కడి మనుషుల్ని, వాళ్ళు నేర్చుకున్న పద్ధతుల్ని వదిలేస్తే చెదిరిపోతాయని భయపడ్డారు. యజమాని పోయాడు, మేనేజరు మిగిలాడు. ఏవియేషన్ మేనేజ్‌మెంట్ గురించి రాయడానికి ఈయన్నే ఎంచుకోవడానికి అసలు కారణం ఈ ఇరవై అయిదేళ్ళే.

ఆ ఏళ్ళలో ఆయన ఎక్కిన ప్రతి విమానం ఆయనకి ఒక పరీక్షా పేపరు లాంటిది. దిగగానే సంస్థకి నోట్సు పంపేవారు. టీ రంగుకీ కాఫీ రంగుకీ తేడా తెలియడం లేదని ఒకసారి. సీటు ఎంతవరకు వెనక్కి వాలుతోంది, కర్టెన్లు ఎలా ఉన్నాయి, గ్లాసులో పానీయం ఎంత పోస్తున్నారు, అన్నీ రాసేవారు. కౌంటరు మురికిగా ఉంటే తానే గుడ్డ తీసుకుని తుడిచారట. విమానంలో టాయిలెట్ శుభ్రంగా లేకపోతే తానే సర్దేవారట. టాటా గ్రూపు ఛైర్మన్‌కి ఇదేం పని అని నవ్వొస్తుంది. మా హాస్టల్ మెస్ కమిటీలో ఒక సెమిస్టర్ పనిచేశాక నాకు నవ్వు రావడం మానేసింది. సాంబారు పల్చగా ఉందని చెప్పేవాళ్ళు మూడొందల మంది ఉంటారు. ఎందుకు పల్చబడిందో, ఏ పూట నుంచో రాసిపెట్టి వెంటపడేవాడు ఒక్కడు ఉంటేనే అది చిక్కబడుతుంది.

బాబీ కూకా అనే ఆయన ఊహించి, ఉమేష్ రావు గీసిన ఎర్ర తలపాగా మహారాజా బొమ్మతో ఎయిర్ ఇండియా పేరు ప్రపంచమంతా పాకింది. 1958లో జె.ఆర్.డి. అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐయాటాకి అధ్యక్షుడయ్యారు. 1960లో బోయింగ్ 707లు వచ్చాయి. రెండేళ్ళకి సంస్థ మొత్తం జెట్ విమానాలకి మారిపోయింది. అప్పటికి ప్రపంచంలో అలా పూర్తిగా మారిన సంస్థ మనదే మొదటిదని చెబుతారు.

1978 జనవరి 1 రాత్రి ఎయిర్ ఇండియా బోయింగ్ 747 ఒకటి బొంబాయి నుంచి లేచిన కొద్దిసేపటికే సముద్రంలో కూలి 213 మంది చనిపోయారు. ఫిబ్రవరిలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం జె.ఆర్.డి.ని ఛైర్మన్ పదవి నుంచి తొలగించింది. ఆ విషయం ఆయనకి ముందుగా తెలిసింది ప్రభుత్వం నుంచి కాదు, ఆయన స్థానంలో నియమించిన వ్యక్తి ద్వారా. నలభై అయిదేళ్ళకి పైగా మోసిన పని అలా ముగిసింది. సంస్థలో చాలామంది కలత చెందారు, రాజీనామాలు కూడా ఇచ్చారు. 1980లో ఇందిరా గాంధీ ప్రభుత్వం ఆయన్ని మళ్ళీ బోర్డులోకి తీసుకుంది కానీ ఛైర్మన్‌గా కాదు.

1982 అక్టోబర్ 15. మొదటి ప్రయాణానికి సరిగ్గా యాభై ఏళ్ళు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఒక పాత లెపర్డ్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి ఆయనే మళ్ళీ నడుపుకుంటూ వచ్చారు. 1992లో భారతరత్న ఇచ్చారు. 1993 నవంబర్ 29న జెనీవాలో కన్నుమూశారు, పారిస్‌లో సమాధి చేశారు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. అది చూడడానికి ఆయన లేరు.

ఇదంతా చదివి ఆయన్ని దేవుణ్ణి చేయాలని నాకు లేదు. ఆయనకి టాటా ఇంటిపేరు ఉంది. 2 లక్షలు పెట్టగల కుటుంబం ఉంది. మనలో చాలామందికి విమానాశ్రయం లోపలికి మొదటిసారి వెళ్ళడం అన్నయ్యనో బావనో అమెరికా పంపడానికే, అదీ గేటు దగ్గరదాకే. అందుకే మనకి చదువు కావాలి. ఆయన రాత్రిళ్ళు పుస్తకాలతో, తప్పులతో, సొంత డబ్బుతో నేర్చుకున్నది మనకి రెండేళ్ళ సిలబస్‌గా దొరుకుతోంది. డిగ్రీ లేని లోటు తెలిసిన మనిషి కాబట్టే 1956లో, చదువుకున్న కుర్రాళ్ళని తీసుకుని మేనేజర్లుగా తయారుచేసే టాటా అడ్మినిస్ట్రేటివ్ సర్వీస్ పెట్టించారని నేను అనుకుంటున్నాను. డిగ్రీ దండగని ఆయన జీవితాన్ని సాక్ష్యంగా చూపించేవాళ్ళు ఇది కూడా చూడాలి.

ఇక పెదనాన్నకి ఇప్పుడేం చెబుతాను? శంషాబాద్‌లో ఒక విమానం గేటు దగ్గర ఆగి మళ్ళీ కదిలేలోపు ఎంతమంది పని ఉంటుందో చెబుతాను. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్నింటికి నడపాలో తేల్చేవాళ్ళు నెట్‌వర్క్ ప్లానింగ్. ఆ సీటు ఈరోజు మూడు వేలకి అమ్మాలా ఆరు వేలకా అని లెక్కేసేవాళ్ళు రెవెన్యూ మేనేజ్‌మెంట్. పైలట్‌కి నిద్ర సరిపోయేలా డ్యూటీలు వేసేవాళ్ళు క్రూ రోస్టరింగ్. పొగమంచులో ఢిల్లీ మూసుకుపోతే ఏ విమానాన్ని ఎటు తిప్పాలో చూసేది ఆపరేషన్స్ కంట్రోల్. సామాను, బస్సు, మెట్లు, ఇంధనం చూసేది గ్రౌండ్ హ్యాండ్లింగ్, అంటే ఆ ఎద్దులబండి మనవళ్ళు. హైదరాబాద్‌లో తయారైన మందులు చల్లదనం పోకుండా విదేశాలకి చేర్చేది కార్గో. మరమ్మతుల షెడ్యూలు, విమానాల లీజు, సేఫ్టీ ఆడిట్. ప్రభుత్వం వైపు చూస్తే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, డీజీసీఏ. భోగాపురం లాంటి కొత్త విమానాశ్రయాలకి కూడా ఈ మనుషులే కావాలి. బీటెక్ చేసినవాళ్ళకి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్షలు ఉన్నాయి. ఎంబీఏ కాకుండా డిగ్రీ నుంచే మొదలుపెట్టాలనుకునే మన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి అమేథీ జిల్లా ఫుర్సత్‌గంజ్‌లోని రాజీవ్ గాంధీ జాతీయ విమానయాన విశ్వవిద్యాలయం ఉంది.

నాన్నకి మాత్రం అబద్ధం చెప్పను. మొదట్లో జీతాలు సాఫ్ట్‌వేర్‌లా ఉండవు. రాత్రి షిఫ్టులుంటాయి, పండగ రోజు ఇంకా ఎక్కువ పనుంటుంది. కొన్ని నెలల సర్టిఫికెట్‌తో ఎయిర్‌పోర్ట్ ఉద్యోగం గ్యారంటీ అని ఫ్లెక్సీలు కట్టేవాళ్ళని నమ్మకుండా, ఏ కోర్సు అయినా గుర్తింపు చూసుకునే చేరతాను. కంపెనీలు మూతపడతాయి, అది నిజం. డెక్కన్ ఎయిర్‌వేస్ ఇప్పుడు లేదు. కానీ బేగంపేటలో డకోటాలకి లోడు లెక్కగట్టడం నేర్చుకున్నవాడి లెక్క కంపెనీతో పాటు మూతపడదు. ఆ పని తెలిసినవాడు పక్క సంస్థకి కూడా కావాలి. జె.ఆర్.డి. దగ్గర్నుంచి సంస్థనే రెండుసార్లు తీసుకున్నారు. పని మాత్రం ఎవరూ తీసుకోలేకపోయారు.

పోయిన ఆదివారం ఈ కథంతా ఇంట్లో చెప్పాను. నాన్న విని, అప్లికేషన్ ఫీజు ఎంత అని అడిగారు. అది ఒప్పుకోవడమో కాదో ఇంకా తెలీదు. పెదనాన్న కాసేపు ఆలోచించి, అయితే ఆ పెట్రోలు ముందురోజే పంపించినవాడి ఉద్యోగమన్నమాట అన్నారు.

అవును పెదనాన్నా, అదే.